పిల్లాడు అడిగే పాము, అమ్మ పెంచే పాము

పిల్లలు కుక్కపిల్ల కావాలంటే "చూద్దాంలే" అంటాం. పిల్లి కావాలంటే "ఇల్లంతా బొచ్చు" అంటాం. పాము కావాలంటే మాత్రం మన ఇళ్ళలో జవాబు ఉండదు, కేకే ఉంటుంది. అమెరికాలో పెరుగుతున్న పిల్లలకి ఆ కేక ఎందుకో అర్థం కాదు. స్కూల్లో సైన్స్ గదిలో గాజుపెట్టెలో పాము ఉంటుంది. పుట్టినరోజు పార్టీకి బల్లుల్నీ పాముల్నీ తెచ్చి చూపించేవాళ్ళు దాన్ని పిల్లల చేతుల్లో పెట్టి ఫొటోలు తీస్తారు. వాళ్ళ దృష్టిలో కుందేలెంతో పామూ అంతే.

ఈ మధ్య మా డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మూడిళ్ళలో ఈ కోరిక పుట్టింది. ముగ్గురు పిల్లలకీ కావలసింది బోవాయే. మా ఇంట్లో ఒక బోవా ఉంది కాబట్టి ఆ తల్లులు నాకే ఫోన్ చేస్తున్నారు. "ఏది కొనాలి వదినా? అసలు కొనచ్చా?" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఏ పామూ వద్దు. అంతకన్నా పెద్ద పిల్లలుంటే చిన్న జాతి బోవా కొనచ్చు. షాపుల్లో ఎక్కువగా కనిపించే ఎర్రతోక బోవా మాత్రం పిల్లల కోసం కొనేది కాదు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో అమ్మకి ఇష్టం లేకపోతే ఏదీ కొనకండి. ఎందుకో చెప్తాను.

ముందు బోవా అంటే ఏమిటో చూద్దాం. మన కొండచిలువకి ఇది దూరపు చుట్టం. కొండచిలువలు గుడ్లు పెడతాయి, బోవాలు దాదాపు అన్నీ పిల్లల్నే కంటాయి. రెంటికీ విషం లేదు. ఆహారాన్ని చుట్టి బిగించి చంపుతాయి. ఊపిరాడకుండా చేస్తాయని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. 2015లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఎర్రతోక బోవా మీద పరీక్షించి, ఆ బిగింపుకి ముందు ఆగేది రక్తప్రసరణ అని తేల్చారు. క్షణాల్లో రక్తపోటు పడిపోయి ఎలుక స్పృహ తప్పుతుందట. నేను చదివిన చదువు తెలుగు బీయే. అయినా మా వాడి పుణ్యమా అని ఇవన్నీ చదవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎర్రతోక సంగతి. పెట్ షాపులో అది అడుగున్నర పొడుగు పిల్లగా, వేలంత లావుతో, ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పలేను. మేము మొదట వెళ్ళిన షాపులో ఒకబ్బాయి దాన్నే మా వాడి చేతిలో పెట్టి, "ఇది చాలా సాధువు, పిల్లలకి బాగుంటుంది" అన్నాడు. సాధువన్న మాట నిజమే. ఎంత పెరుగుతుందో మాత్రం నేను అడిగేదాకా చెప్పలేదు. ఆడది ఆరు నుంచి ఎనిమిది అడుగులు పెరగడం మామూలు. నిండా పెరిగాక దాని బరువు ఒక బియ్యం బస్తా బరువు కావచ్చు. ఆరడుగులు దాటిన బోవాని బయటికి తీసేటప్పుడు పక్కన మరో పెద్దమనిషి ఉండాలని పెంచేవాళ్ళందరూ చెప్పే మాట. అంటే దాని పెట్టె శుభ్రం చేయాలంటే మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను ఎదురుచూడాలి. దానికి ఆరడుగుల పెట్టె కావాలి, అంటే హాల్లో సోఫా పోవాలి.

పొడుగు ఒక్కటే అయితే సర్దుకుందుం. నన్ను ఆపింది ఆయుష్షు. బోవాలు బాగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతాయి. ఫిలడెల్ఫియా జూలో ఒక బోవా 40 ఏళ్ళు దాటి బతికి 1977లో చనిపోయింది. మా వాడికి అప్పుడు పదేళ్ళు. ఎనిమిదేళ్ళలో కాలేజీకి వెళ్తాడు. హాస్టల్ గదిలో పాముని ఉండనివ్వరు. ఆ తర్వాత ఉద్యోగం, ఇంకో ఊరు, పెళ్ళి. వచ్చే కోడలికి పామంటే భయం ఉండచ్చు. ఈ లెక్కంతా వేస్తే పాముతో ఎక్కువ కాలం కాపురం చేసేది నేను. కాబట్టి "మీ అబ్బాయికి ఏ పాము బాగుంటుంది?" అని అడిగేవాళ్ళతో నేను అంటాను, "యాభై, అరవై ఏళ్ళ వయసులో నువ్వు ఒక్కదానివే ఏ పాముని ఎత్తగలవు? అది చూసుకో."

అలా చూసుకుంటే రెండు రకాలు మిగులుతాయి.

ఒకటి కెన్యా ఇసుక బోవా. ఇది తూర్పు ఆఫ్రికా ఎడారి ప్రాంతాల పాము. పసుపు, నారింజ రంగు ఒంటి మీద ముదురు గోధుమ మచ్చలుంటాయి. మగది అడుగున్నర దాకా, ఆడది రెండు రెండున్నర అడుగుల దాకా పెరుగుతుంది. మూడడుగుల ట్యాంకు దానికి జీవితాంతం సరిపోతుంది. పొడి వాతావరణం చాలు, కాబట్టి రోజూ నీళ్ళు చిలకరించే పని లేదు. మేము కొన్నది ఇందులో మగది.

రెండోది రోజీ బోవా. ఇది ఈ దేశపు పామే. కాలిఫోర్నియా, అరిజోనా, మెక్సికో ఎడారుల్లో ఉంటుంది. రెండు మూడు అడుగులు పెరుగుతుంది, నెమ్మదిగా కదులుతుంది, చేతిలో కుదురుగా ఉంటుంది. పాముని చేత్తో పట్టుకోవాలనే పిల్లలకి ఇసుక బోవా కన్నా ఇదే నయం. ఎందుకంటే ఇసుక బోవా రోజంతా చెక్కపొట్టులో మునిగి ఉంటుంది. గడ్డి మేటులో దూరిన పిల్లిపిల్లలాగా, ముక్కు కొస ఒక్కటే కనిపిస్తుంది. మొదటి నెలలో మా వాడు "అమ్మా, ఖాళీ డబ్బాకి కాపలా కాస్తున్నాం" అనేవాడు. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి అది తల బయటపెట్టే సమయం వాడికి తెలుసు. చదువుకునే పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుంటాడు.

ఇంకా అందమైన బోవాలున్నాయి. ఇంద్రధనుస్సు బోవా ఒంటి మీద వెలుతురు పడితే నెమలికంఠం రంగు మెరుస్తుంది. కాని దానికి గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి, కాస్త తగ్గినా జబ్బు పడుతుంది. పచ్చటి చెట్టు బోవా బొమ్మలాగా ఉంటుంది. దాని పళ్ళు చాలా పొడవు, పట్టుకుంటే ఊరుకునే రకం కూడా కాదు. మొదటిసారి పెంచేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది.

ఇక ఆరోగ్యం. ఇక్కడ నేను మొహమాటపడను. పాములు, తాబేళ్ళు, బల్లుల ఒంటి మీద, రెట్టలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండచ్చు. దానివల్ల వాటికి ఏమీ కాదు, మనకి మాత్రం విరేచనాలు, జ్వరం వస్తాయి. పసిపిల్లల్లో, ముసలివాళ్ళలో అది రక్తంలోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారన్న భయంతోనే 1975లో నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా ప్రభుత్వం నిషేధించింది. అయిదేళ్ళ లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తక్కువైనవాళ్ళు ఉన్న ఇళ్ళలో ఇలాంటి జంతువులు వద్దని ఇక్కడి ఆరోగ్యశాఖ ఇప్పటికీ చెప్తోంది.

ఈ మాట చదివితే మన తెలుగు కుటుంబాలకి వెంటనే గుర్తు రావలసింది ఇండియా నుంచి ఆరునెలలకి వచ్చే అత్తమామలు, అమ్మానాన్నలు. మా అత్తగారికి 72 ఏళ్ళు, షుగరు ఉంది. ఆవిడ వచ్చే ముందే పాము ట్యాంకుని పైన మావారి ఆఫీసు గదిలోకి మార్చాం. ఆవిడ మెట్లెక్కరు, వంటిల్లు కింద ఉంది. ట్యాంకు, నీళ్ళగిన్నె ఎప్పుడూ వంటింటి సింకులో కడగం. వాటికి వేరే టబ్బు, వేరే బ్రష్షు, కడగడం గరాజులో. పాముని ముట్టుకున్నవాడు సబ్బుతో చేతులు కడుక్కోకుండా తలుపు గడియ కూడా ముట్టుకోకూడదు. ఒకరకంగా మడి అనుకోండి. మా అత్తగారికి ఈ ఏర్పాటులో బాగా అర్థమైంది ఆ మడే. "అయితే ఫరవాలేదు" అన్నారు. నెలల పాప ఉన్న ఇంటివాళ్ళు నన్ను అడిగితే మాత్రం నాలుగేళ్ళు ఆగమనే చెప్పాను. "వేరే గదిలో పెడతాం కదా" అని ఆ అమ్మాయి నొచ్చుకుంది. గది తలుపు వేసినా, చేతులు ఇల్లంతా తిరుగుతాయి కదా.

తర్వాతది తిండి. దీని గురించి షాపులో ఎవరూ మనలాంటివాళ్ళతో మాట్లాడరు. పాము ఎలుకల్నే తింటుంది. కూరగాయలు కాదు, పనీరు కాదు, పాలు అసలే కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేతులే మనవి, కాని ఏ పామూ పాలని ఆహారంగా తీసుకోదు. షాపులో గడ్డకట్టించిన ఎలుకలు దొరుకుతాయి. పాము ఒంటి లావు ఎంతో ఎలుక దాదాపు అంతే ఉండాలి. దాన్ని సంచిలో పెట్టి గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, పొడవాటి పట్టకారుతో అందించాలి. మైక్రోవేవులో పెట్టకూడదు. చిన్న మగ ఇసుక బోవాకి రెండు వారాలకి ఒక చిట్టెలుక చాలు. గడ్డకట్టినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు కాబట్టి ఎలుకలకీ అదే శుభ్రత.

మాది శాకాహారం ఇల్లు. నా ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన, కొబ్బరి కోరు డబ్బా పక్కన ఎలుకలు ఉండడానికి నేను ఒప్పుకోలేదు. గరాజులో చిన్న ఫ్రీజరు పెట్టాం. అది పాము ధరతో కలిపి లెక్కేసుకోవలసిన ఖర్చు. ఫ్రీజరు వేరైనంత మాత్రాన మనసు ఊరుకోదు కదా. మనం చీమకి కూడా హాని చేయకూడదనుకుంటూ పిల్లాడి ముచ్చట కోసం ఎలుకల్ని కొనడం సబబేనా అని నాకు నేనే చాలాసార్లు అడుగుకున్నాను. నాకు దొరికిన జవాబు ఇది. పాముకి ఎలుక తినడం పాపం కాదు, అది దాని పుట్టుక. ఆ పుట్టుకని ఒప్పుకోగలిగితేనే దాన్ని ఇంటికి తేవాలి. ఒప్పుకోలేకపోతే అందులో తప్పేమీ లేదు. అప్పుడు చేపల తొట్టె పెట్టుకోండి, కుందేలుని తెచ్చుకోండి. పాముని తెచ్చుకుని తిండి దగ్గర మొహం తిప్పుకోవడం మాత్రం దానికి అన్యాయం. బతికున్న ఎలుకని లోపల వదలడం ఇంకా తప్పు. ఎలుకకీ నరకం, అది తిరగబడి కొరికితే పాముకీ గాయం.

పిల్లాడికి ఏ పని ఇవ్వాలి? మా ఇంట్లో పంపకం ఇలా ఉంది. నీళ్ళు మార్చడం, థర్మామీటరు చూడడం, పుస్తకంలో రాయడం వాడి పని. ట్యాంకులో ఒక పక్క వేడిగా, 90 నుంచి 95 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, రెండో పక్క చల్లగా, 80 డిగ్రీల లోపు ఉండాలి. వేడిచేసే మ్యాటుకి థర్మోస్టాట్ లేకపోతే పాము ఒళ్ళు కాలుతుంది, అది కాలుతున్నా కదలకపోవచ్చు. తిండి పెట్టడం మావారి పని, పక్కన వాడు నిలబడతాడు. పాముని బయటికి తీసేది పెద్దవాళ్ళలో ఒకరు ఉన్నప్పుడే. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. తాళం చెవి నా దగ్గర ఉంటుంది. పాములు మూత ఎత్తడంలో దొంగల కన్నా నేర్పరులు, అందుకే మూతకి రెండు క్లిప్పులూ ఒక తాళమూ.

ఆ పుస్తకం తెలుగులో రాయాలన్నది నా షరతు. తేదీ, తిన్నదా లేదా, బరువు ఎంత. అలా మా వాడికి 'కుబుసం' అనే మాట వచ్చింది. కళ్ళు పాలరంగులోకి మారితే కుబుసం విడిచే రోజులు దగ్గరపడ్డాయని వాడికి తెలుసు. ఆ రోజుల్లో దానికి సరిగా కనిపించదు, చిరాకుగా ఉంటుంది, కదిలించకూడదు. కుబుసం తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా వస్తే అది బాగున్నట్టు. ముక్కలు ముక్కలుగా ఊడితే తేమ చాలనట్టు. పాముకి పేరు పెట్టినా అది పలకదు, మనల్ని ప్రేమించదు, మహా అయితే మనల్ని భరిస్తుంది. బదులు ఏమీ ఇవ్వని ప్రాణిని కూడా వేళకి చూసుకోవాలని పదేళ్ళ పిల్లాడు నేర్చుకోవడం చిన్న సంగతేమీ కాదు. నేను దీనికి ఒప్పుకోవడానికి అసలు కారణం అదే.

కొనేటప్పుడు చూడవలసినవి నాలుగే. అడవిలో పట్టింది కాకుండా ఇళ్ళలో పుట్టిన పిల్లని, పెంచి అమ్మేవాళ్ళ దగ్గరే తీసుకోండి. మీ ఎదురుగా కరిగించిన ఎలుకని తిందా లేదా చూడండి. ఊపిరిలో గురక, నోటి దగ్గర నురుగు, పొలుసుల సందుల్లో నల్లటి చిన్న పురుగులు ఉంటే వదిలేయండి. బోవాలకి వైరస్ వల్ల వచ్చే ఒక జబ్బు ఉంది, దానికి మందు లేదు, కాబట్టి ఇంట్లో ఇంకో పాము ఉంటే కొత్తదాన్ని కొన్ని నెలలు దూరంగా ఉంచాలి. కొనకముందే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టరు దగ్గర్లో ఉన్నారో లేదో కనుక్కోండి. అద్దె ఇల్లయితే ఒప్పందం చదవండి. ఊరి నిబంధనలు, రాష్ట్ర చట్టాలు వేరువేరుగా ఉంటాయి. హవాయిలో అయితే పాముని పెంచడమే నేరం.

ఇండియా ప్రయాణాల మాట కూడా చెప్పాలి. వేసవిలో మనం అయిదారు వారాలు వెళ్తాం. ఈ విషయంలో కుక్క కన్నా పాము నయం. వారం వారం ఎవరైనా వచ్చి తిండి పెట్టక్కరలేదు, కాని రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు, వేడి చూసే మనిషి కావాలి. అడగగలిగిన స్నేహితురాలు లేకపోతే కొనకండి. ఇక శాశ్వతంగా వెనక్కి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు అసలే కొనకండి. బోవాలన్నీ అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జంతువులు. అనుమతి పత్రాలు లేకుండా వాటిని దేశం దాటించడం నేరం. పిల్లాడు ఏడుస్తుంటే పాముని ఎవరికో ఇచ్చేసి విమానం ఎక్కాల్సి వస్తుంది.

ఆంధ్రా, తెలంగాణల్లో ఉండి ఇది చదువుతున్న అమ్మలకి ఒక మాట. మన దగ్గర కూడా ఒక బోవా ఉంది. మనం రెండు తలల పాము అంటామే, అది ఎర్ర ఇసుక బోవా, మా ఇంట్లో ఉన్నదానికి దగ్గరి బంధువు. దానికి ఉన్నది ఒక్క తలే. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, ప్రమాదం వస్తే ఆ తోకనే పైకెత్తి శత్రువుని ఏమారుస్తుంది. అది ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని, మందుకి పనికొస్తుందని చెప్పి మోసగాళ్ళు అమ్ముతుంటారు. అలా అమ్మబోయి పోలీసులకి దొరికినవాళ్ళ వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. పొలంలో ఎలుకల్ని తిని రైతుకి మేలు చేసే జీవి అది. మీ పిల్లలు పాముని చూడాలంటే జూకి తీసుకెళ్ళండి, పొలంలో కనిపిస్తే దూరం నుంచి చూపించి దాని దారిన దాన్ని పోనివ్వండి.

ఒక నష్టం కూడా చెప్పకపోతే నిజం చెప్పినట్టు కాదు. మా ఇంట్లో పాముందని తెలిశాక ఒకరిద్దరు తమ పిల్లల్ని ఆడుకోవడానికి పంపడం మానేశారు. మా వాడు బాధపడ్డాడు. నేను వాళ్ళని తప్పుపట్టను. మన ఊళ్ళలో పాము కాటుకి పోయినవాళ్ళని చూసిన తరం మనది, ఆ భయానికి కారణం ఉంది. ఎవరొచ్చినా ముందే చెప్తాను, పై గదికి తాళం వేస్తాను, చూడమని ఎవర్నీ బలవంతం చేయను. కొనేముందు ఇదీ ఆలోచించుకోండి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు, పిల్లాడికీ చుట్టాలకీ మధ్య నిలబడేది అమ్మే.

అందుకే చివరికి నేనడిగేది ఒక్క ప్రశ్న. పిల్లాడికి రేపు ఆ సరదా తీరిపోయినా, ఇరవై ఏళ్ళు ఆ నీళ్ళగిన్నె మార్చడానికి మీకు ఓపికుందా? ఉందంటే చిన్న ఇసుక బోవానో, రోజీ బోవానో తెచ్చుకోండి, దాని మంచి చెడ్డలు మీరే చూడండి. లేదంటే పిల్లాడికి సూటిగా "వద్దు నాన్నా, నా వల్ల కాదు" అని చెప్పండి. పిల్లలు ఆ మాటని తట్టుకుంటారు. పట్టించుకోని ఇంట్లో చిక్కుకున్న పాము మాత్రం నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేదు.